గంట కొడితేనే భోజనం: పిల్లలతో ఆశ్రమ వసతి గదిలో సెలవులు

దసరా సెలవులు దగ్గరపడుతుంటే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల మాట అయిపోయాక ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "ఎక్కడికి తీసుకెళ్తే బాగుంటుంది మేడమ్?" ఈ మధ్య దాని వెనకాలే ఇంకోటి కూడా వస్తోంది. "ఏదైనా ఆశ్రమంలో నాలుగు రోజులు ఉంచితే వీడికి కాస్త కాన్‌సన్‌ట్రేషన్ వస్తుందంటారా?" మొదటి ప్రశ్నకు ఆశ్రమం మంచి జవాబే. మీరందరూ కలిసి వెళ్లి, అక్కడి గదిలో రెండు మూడు రోజులు ఉండి రండి. రెండో ప్రశ్నకు మాత్రం, ఆ ఉద్దేశంతో అయితే వద్దనే అంటాను. ఎందుకు వద్దో, వెళ్తే ఎలా వెళ్లాలో, అక్కడ రోజు ఎలా గడుస్తుందో ఈ వ్యాసంలో చెబుతాను.

ముందు ఒక చిన్న మాట. ఇంగ్లీషు టీచర్ని కాబట్టి తప్పదు. హోటల్, హాస్టల్, హాస్పిటల్ అనే మూడు మాటలూ ఒకే వేరు నుంచి పుట్టాయి. లాటిన్‌లో 'హోస్పెస్' అంటే ఇంటికి వచ్చిన అతిథి కావచ్చు, ఆతిథ్యం ఇచ్చిన గృహస్థుడూ కావచ్చు. యూరప్‌లో ఒకప్పుడు దారిన పోయేవాళ్లకూ జబ్బు పడినవాళ్లకూ చోటిచ్చినవి చాలావరకు క్రైస్తవ మఠాలే. ఆరో శతాబ్దంలో సెయింట్ బెనెడిక్ట్ తన మఠం కోసం రాసిన నియమావళిలో 53వ అధ్యాయం పూర్తిగా అతిథుల గురించే ఉంటుంది. వచ్చినవాళ్లలో క్రీస్తునే చూసి ఆదరించమంటాడు. అదే అధ్యాయంలో అతిథుల వంటగది విడిగా ఉండాలని కూడా అంటాడు. వేళాపాళా లేకుండా వచ్చేవాళ్ల వల్ల లోపలివాళ్ల దినచర్య చెదరకూడదని. ఆదరణ ఎంత ముఖ్యమో దినచర్య కూడా అంతే ముఖ్యం. జపాన్‌లో కోయసాన్ కొండ మీద యాభై దాకా బౌద్ధాలయాలు యాత్రికులకు గదులిస్తాయి. అక్కడా తెల్లవారుజామున ప్రార్థన మొదలవుతుంది, అతిథి వెళ్లి కూర్చోవచ్చు. అతిథి నిద్ర లేచేదాకా ప్రార్థన మాత్రం ఆగదు.

మనకూ ఇది కొత్త కాదు. విశాఖపట్నం దగ్గర తొట్లకొండ ఎక్కితే రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ విహారం పునాదులు కనిపిస్తాయి. భిక్షువుల చిన్న చిన్న గదులు, అందరూ కలిసి తిన్న భోజనశాల, నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లు అన్నీ సముద్రం వైపు చూస్తూ ఉంటాయి. ఆ తర్వాతి కాలంలో మఠాలు, సత్రాలు, సరాయిలు వచ్చాయి. మన నాంపల్లి స్టేషన్ ఎదుట ఉన్న పాత సరాయి నిజాం కాలం నాటిది. రైలు దిగిన బాటసారి తల దాచుకోవడానికి కట్టించింది.

సత్రానికీ ఆశ్రమ వసతికీ ఉన్న తేడా మాత్రం పిల్లలతో వెళ్లేవాళ్లు ముందే తెలుసుకోవాలి. శ్రీశైలంలోనూ కాశీలోనూ మన తెలుగువాళ్ల సత్రాలు చాలావరకు కులాల పేర్ల మీద ఉన్నాయి. గది కావాలంటే కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్నే "మీరేమిట్లు?" అని. మీకూ నాకూ అది అలవాటైన ప్రశ్న. ఆరో తరగతి పిల్లవాడికి కాదు. "మనమేమిట్లు నాన్నా?" అని అక్కడే, అందరి ముందూ అడుగుతాడు. దానికి ఏం చెబుతారో రైల్లోనే అనుకుని దిగండి, లేదా ఆ ప్రశ్న అడగని చోటికి వెళ్లండి. ఈ వ్యాసం రెండో రకం చోట్ల గురించి.

అరుణాచలం

మన వాళ్లు అరుణాచలం అనే తిరువణ్ణామలైలో శ్రీ రమణాశ్రమం ఉంది. ఈ మధ్య పౌర్ణమికి గిరిప్రదక్షిణ కోసం మన ఆర్టీసీ ప్రత్యేకంగా బస్సులు నడుపుతోంది. వాటిలో వెళ్లొచ్చినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. అది దర్శనం ప్రయాణం. కొండ చుట్టూ 14 కిలోమీటర్లు నడిచి, మర్నాటికి బస్సెక్కేస్తాం. నేను చెప్పేది అక్కడ ఆగి ఉండటం గురించి.

ఆ ఆశ్రమం ఎలా మొదలైందో పిల్లలకు చెప్పదగ్గ కథ. కాకపోతే తర్వాత వచ్చే ప్రశ్నలకు మీరు సిద్ధంగా ఉండాలి. 1896 ఆగస్టు 29న మదురైలో వేంకటరామన్ అనే పదహారేళ్ల స్కూలు పిల్లవాడు ఇంట్లో కూర్చుని ఇంగ్లీషు గ్రామర్ ఇంపోజిషన్ రాస్తున్నాడు. పాఠం అప్పజెప్పనందుకు మూడుసార్లు రాయమన్నారు. రెండుసార్లు రాశాక పుస్తకం పక్కన పెట్టేశాడు. స్పెషల్ క్లాసు ఉందని అన్నకు చెప్పి లేచాడు. వెళ్తూ వెళ్తూ నా కాలేజీ ఫీజు కట్టమని అన్న ఐదు రూపాయలు ఇప్పించాడు. అందులో మూడు తీసుకుని, మిగతా రెండు రూపాయలతో పాటు ఒక చీటీ రాసి పెట్టి వెళ్లిపోయాడు. ఫీజు కట్టలేదన్న సంగతి కూడా ఆ చీటీలో రాశాడు. సెప్టెంబరు 1న తిరువణ్ణామలై చేరాడు, మళ్లీ ఆ ఊరు వదల్లేదు. ఫీజు డబ్బుతో ఇంగ్లీషు గ్రామర్ నుంచి పారిపోయిన పిల్లవాడి పేరు మీద ఉన్న ఆశ్రమానికి మిమ్మల్ని పంపిస్తున్నది ఇంగ్లీషు టీచరే అని మీ పిల్లలకు చెప్పండి, నవ్వుతారు.

ఆయనకు 'భగవాన్ రమణ మహర్షి' అని పేరు పెట్టింది మన ఉత్తరాంధ్రవాడే. బొబ్బిలి దగ్గర కలువరాయికి చెందిన కావ్యకంఠ గణపతి ముని, 1907లో. అంతకన్నా నాకు ముఖ్యంగా తోచేది ఆ ఆశ్రమంలో వంటిల్లు ఎలా వచ్చిందన్నది. కొడుకును ఇంటికి రమ్మని బతిమాలి, రాడని తెలిశాక, తల్లి అళగమ్మ తనే 1916లో కొండ మీదికి వచ్చి ఉండిపోయారు. అప్పటిదాకా ఊళ్లో అడుక్కొచ్చినదీ ఎవరో తెచ్చి ఇచ్చిందీ పంచుకుని తినేవారు. ఆవిడ పొయ్యి వెలిగించారు. 1922లో ఆవిడ పోయాక కొండ కింద సమాధి కట్టారు. ఆ సమాధి చుట్టూ పెరిగిందే ఇప్పుడు మీరు చూసే ఆశ్రమం. తమ్ముడు కూడా వచ్చి సన్యాసం తీసుకుని, దాని నిర్వహణ చూశారు. అంటే ఇల్లు వదిలి వచ్చినవాడి దగ్గరికి ఇల్లే నడిచి వచ్చిందన్నమాట.

అలాగని కుటుంబాలకు మొదటినుంచీ చోటుందనుకోకండి. రమణుల కాలంలో ఆడవాళ్లు రాత్రిపూట ఆశ్రమంలో ఉండకూడదనే నియమం ఉండేది. చీకటి పడేసరికి బయట బసకు వెళ్లిపోవాలి. గుంటూరు జిల్లా కొలనుకొండలో 1902లో పుట్టి, చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న సూరి నాగమ్మ గారు కూడా దగ్గరలో ఇల్లు తీసుకుని ఉంటూ రోజూ వచ్చి కూర్చునేవారు. అక్కడ చూసినవీ విన్నవీ 1945 నుంచి అన్నగారికి తెలుగులో ఉత్తరాలుగా రాశారు. అవే 'శ్రీ రమణాశ్రమ లేఖలు'. తర్వాత ఇంగ్లీషులోకీ వెళ్లాయి. బడికి వెళ్లి చదువుకోని మనిషి రాసిన ఆ ఉత్తరాల్లో కోతులున్నాయి, ఆవులున్నాయి, వంటింటి గొడవలున్నాయి, పెద్ద పెద్ద ప్రశ్నలూ ఉన్నాయి. అమ్మమ్మలు, నానమ్మలు మీతో వస్తుంటే ఆ పుస్తకం వాళ్ల చేతికివ్వండి. సాయంత్రం పిల్లలకు ఒకటి చదివి వినిపించమనండి.

రోజు ఎలా ఉంటుంది

ఉదయం ఏడింటికి టిఫిను, పదకొండున్నరకు భోజనం, నాలుగింటికి టీ లేదా పాలు, రాత్రి ఏడున్నరకు మళ్లీ భోజనం. గంట కొట్టినప్పుడు వెళ్లాలి. "మా బాబు ఇప్పుడు తినడండీ, ఒంటిగంటకు తింటాడు" అంటే వినేవాళ్లుండరు. భోజనశాలలో నేల మీద వరసలుగా విస్తళ్లు వేస్తారు. కింద కూర్చోలేని పెద్దవాళ్లకు బల్లలుంటాయి. వడ్డించేవాళ్లు బకెట్లతో వరస వెంట నడుస్తూ వెళ్తారు. మళ్లీ వస్తారు కూడా, కంగారు పడనక్కర్లేదు. కావాల్సినంతే వేయించుకోవాలని పిల్లలకు ముందే చెప్పండి. చెయ్యి అడ్డం పెడితే ఆపేస్తారు.

ఈ భోజనశాల గురించి రెండు సంగతులు. రమణులు చాలా ఏళ్లపాటు తెల్లవారకముందే వంటింట్లోకి వెళ్లి కూరలు తరిగేవారు, పచ్చళ్లు రుబ్బేవారు. తొక్కలూ తొడిమలూ పారేయనిచ్చేవారు కాదు. పంక్తిలో తనకు ఏదైనా కాస్త ఎక్కువ వేస్తే కోప్పడేవారు. అందరికీ ఎంతో తనకూ అంతే వేయాలి. ఇది చెప్పాక రెండోదీ చెప్పాలి. అదే భోజనశాలలో ఆ రోజుల్లో ఆచారం పాటించే బ్రాహ్మణులకు వేరే వైపు, మధ్యలో అడ్డు ఉండేది. తొమ్మిదో తరగతి సోషల్ చదివిన పిల్లలు ఈ రెండూ ఒకచోట ఎలా ఉన్నాయని అడగవచ్చు. అడిగితే సంతోషించండి. జవాబు మీకు తెలియాలని లేదు.

మిగతా సమయం ఖాళీ. ఉదయం, సాయంత్రం వేదపారాయణ ఉంటుంది, వెళ్లి వింటే వినొచ్చు. పాత హాల్లో ఎవరూ మాట్లాడరు. ఐదేళ్ల పిల్లలను అక్కడ కూర్చోబెట్టి "ష్" అనడం ఎవరికీ మంచిది కాదు. వాళ్లకు బయట నెమళ్లున్నాయి, గోశాల ఉంది. 1948లో చనిపోయిన లక్ష్మి అనే ఆవుకు సమాధి ఉంది. దాని పక్కనే ఒక కాకికీ కుక్కకూ లేడికీ కూడా ఉన్నాయి. చిన్నపిల్లలు ఆ సమాధుల దగ్గరే ఎక్కువసేపు ఉండిపోతారు. కాస్త పెద్దవాళ్లను ఆశ్రమం వెనక నుంచి రాళ్లు పరిచిన దారిలో స్కందాశ్రమానికి ఎక్కించండి. పొద్దున్నే అయితే అరగంట పని. 1916 నుంచి 1922 దాకా తల్లీకొడుకులు ఉన్నది అక్కడే. అక్కడి నుంచి చూస్తే పెద్దగుడి గోపురాలు నాలుగూ, ఊరు మొత్తం కనిపిస్తాయి. ఇంకాస్త దిగితే, అంతకుముందు పదిహేడేళ్లు రమణులున్న విరూపాక్ష గుహ వస్తుంది. చేతిలో బిస్కట్ పాకెట్ పెట్టుకోకండి, కోతులు అడగకుండానే తీసుకుంటాయి.

ఖాళీ అన్నాను కదా, అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. మొదటి రోజు మధ్యాహ్నం భోజనం అయ్యాక పిల్లలు "ఇప్పుడేం చేద్దాం?" అంటారు. రిసార్టులో అయితే దానికి జవాబుగా ఈతకొలను, గేమ్స్ రూమ్, కార్టూన్ టోపీ పెట్టుకున్న అన్నయ్య ఉంటారు. ఇక్కడ ఎవరూ లేరు. గదిలో మంచాలు, ఫ్యాను, బాత్‌రూమ్ ఉంటాయి. మీరు ఉంటారు. రెండు గంటలు విసుగ్గా తిరుగుతారు. నా మాట విని ఆ విసుగును మీ ఫోన్ ఇచ్చి పోగొట్టకండి. సాయంత్రానికి ఏదో ఒకటి పట్టుకుంటారు. చీమల పుట్టో, పక్క గది పిల్లలో, మీ చిన్నప్పటి సంగతులో.

ఏకాగ్రత కోసం అయితే వద్దన్నాను

మా బడిలో, నిజానికి మన ఊళ్లో చాలా బళ్లలో, ఏడో తరగతి నుంచే ఫౌండేషన్ క్లాసులు మొదలవుతాయి. పిల్లవాడు రాసిన స్లిప్ టెస్టు మార్కులు వాడు ఇంటికి చేరేలోపే మీ ఫోన్‌కి మెసేజ్‌గా వస్తాయి. వాడికి తెలిసిన ప్రతి చోటా ఎవరో ఒకరు కొలుస్తూనే ఉంటారు. ఆశ్రమానికి కూడా "నీ చదువు బాగుపడుతుందని" చెప్పి తీసుకెళ్తే అది ఇంకో క్లాసు అవుతుంది, అంతే. కళ్లు మూసుకుని కూర్చున్నంతసేపూ తను సరిగ్గా కూర్చున్నాడో లేదో మీరు చూస్తున్నారని వాడికి తెలుస్తుంది. తిరిగొచ్చాక వచ్చిన మొదటి టెస్టులో మార్కులు తగ్గితే, "అంత దూరం తీసుకెళ్లినా..." అనే మాట మన నోట్లోంచి వచ్చేస్తుంది. ఆ మాటతో వాడికి ఆ కొండ కూడా పోయినట్టే.

సెలవుల తర్వాత ఎనిమిదో తరగతి చేత ప్రతి ఏడూ వ్యాసం రాయిస్తాను. గోవా, ఊటీ, మామయ్యగారి ఊరు, వాటర్ పార్కు. చాలా వ్యాసాల్లో అమ్మానాన్నలు టికెట్ కొనే దగ్గర కనిపించి, మళ్లీ ఫొటో తీసే దగ్గరే కనిపిస్తారు. ఒక అమ్మాయి మఠానికి వెళ్లొచ్చి రాసిన పేజీ మాత్రం నాకు బాగా గుర్తు. దేవుడి గురించి రెండే వాక్యాలు రాసింది. మిగతాదంతా వాళ్ల నాన్న గురించి. "మా డాడీ కూడా లైన్లో నిలబడ్డారు. ఎవరూ ఆయన్ని ముందుకు పిలవలేదు. ఆయన ఏమీ అనలేదు." ఇంగ్లీషులో రెండు తప్పులున్నాయి, దిద్దలేదు.

అక్కడి నుంచి పిల్లలు తెచ్చుకునేది అలాంటిదే. ఇంట్లో టైమ్‌టేబుల్ పిల్లలకు మాత్రమే ఉంటుంది. దాన్ని వేసేది మనం. ఆశ్రమంలో గంట అందరికీ ఒక్కటే కొడుతుంది. మీరూ ఆలస్యమైతే మీకూ టిఫిను ఉండదు. మీరూ నేల మీదే కూర్చుంటారు, మీకూ కాళ్లు తిమ్మిరెక్కుతాయి. డబ్బులిచ్చి సర్వీసు అడిగే అవకాశం కూడా లేదు, ఎందుకంటే రమణాశ్రమంలో గదికీ భోజనానికీ వెల లేదు. వెళ్లేటప్పుడు మీకు తోచింది ఇస్తే తీసుకుంటారు, ఇవ్వకపోయినా అడగరు. ఫీజు కట్టి హక్కుగా అడగడం మనకు బాగా అలవాటైపోయింది. మా స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని చూస్తే అది ఇంకా బాగా తెలుస్తుంది. ఊరికే ఇచ్చింది ఎలా తీసుకోవాలో తోచక పెద్దవాళ్లు ఇబ్బంది పడటం పిల్లలు చూడటంలో తప్పేమీ లేదు.

ఇంకొన్ని చోట్లు

అంత దూరం వద్దనుకుంటే మంత్రాలయం ఉంది. తుంగభద్ర ఒడ్డున, ఒకప్పుడు మంచాల అనే ఊరు. రాఘవేంద్ర స్వామి 1671లో అక్కడ బృందావన ప్రవేశం చేశారు. ఇప్పటికీ పీఠాధిపతి ఆధ్వర్యంలో నడుస్తున్న మఠం, గదులు మఠానివే, అద్దెకు ఇస్తారు. కారులో సుమారు 250 కిలోమీటర్లు. రైల్లో వెళ్తే మంత్రాలయం రోడ్ స్టేషన్‌లో దిగాలి, ఊరు అక్కడికి పదిహేను కిలోమీటర్ల దాకా ఉంటుంది. రమణాశ్రమంలోని నిశ్శబ్దం ఇక్కడ ఆశించకండి, ఇది జనంతో కళకళలాడే చోటు. పిల్లలకు చెప్పాల్సినవి మూడు. లోపలికి వెళ్లేటప్పుడు మగవాళ్లు చొక్కా తీయాలి, పన్నెండేళ్ల అబ్బాయిలు దీనికి సిగ్గుపడతారు కాబట్టి ముందే చెప్పి ఉంచండి. ఆచారం ప్రకారం ముందు మంచాలమ్మ దర్శనం, తర్వాతే బృందావనం. ఏకాదశి నాడు మాధ్వ మఠాల్లో ఉపవాసం, భోజనం పెట్టరు. క్యాలెండర్ చూసుకోకుండా వెళ్లి ఆకలితో ఉన్న పిల్లలతో హోటళ్ల వెంట తిరిగే కుటుంబాలు ఎప్పుడూ ఉంటాయి. శ్రావణంలో ఆరాధన రోజుల్లో గదులు దొరకడం కష్టం. నది దగ్గర జాగ్రత్త, 2009 అక్టోబరులో ఇదే నది ఊరిని ముంచేసింది. ఒడ్డున ప్రశాంతంగా కనిపించిన నీటిని పిల్లలు నమ్మేస్తారు.

కాచిగూడ, సుల్తాన్ బజార్ వైపు ఉండే మన జైన కుటుంబాలకు కొలనుపాక కొత్త కాదు. మిగతావాళ్లూ చూడొచ్చు. హైదరాబాదు నుంచి 80 కిలోమీటర్లు, ఆలేరు స్టేషన్‌లో దిగితే దగ్గర. గుడితో పాటు ధర్మశాల, భోజనశాల ఉన్నాయి. రాత్రి భోజనం మాత్రం పొద్దుగుంకక ముందే. చీకటి పడ్డాక తినకూడదన్నది వాళ్ల నియమం. ఎనిమిదింటికి ఆకలేసే పిల్లలకు అది ఒక్కరోజైనా వింతగానే ఉంటుంది. ఒక్క రాత్రి ఉండి చూసి రావడానికి, అంటే మొదటిసారి ప్రయత్నించేవాళ్లకు, ఇదే నేను చెప్పేది.

అమెరికా నుంచి చుట్టాలు వస్తున్నారు, అందరం కలిసి కర్ణాటకలోని బైలకుప్పెకి వెళ్దామనుకునేవాళ్లకు ఒక మాట. అక్కడి నామ్‌డ్రోలింగ్ టిబెటన్ మఠానికి అతిథి గృహం ఉంది, ఎర్ర బట్టల చిన్న భిక్షువులను చూసి పిల్లలు ముచ్చటపడతారు. అయితే ఆ ప్రాంతంలో రాత్రి ఉండాలంటే విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వం నుంచి ముందే అనుమతి పత్రం కావాలి. అది రావడానికి చాలా వారాలు పడుతుంది. మీ తమ్ముడి పిల్లలు అక్కడ పుట్టినవాళ్లయితే వాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

గది ఎలా

అరుణాచలానికి కాచిగూడ నుంచి రాత్రి బయలుదేరే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ తిరుపతి మీదుగా చిత్తూరు వెళ్తుంది. అక్కడి నుంచి వేలూరు మీదుగా రోడ్డు మీద సుమారు 120 కిలోమీటర్లు. రమణాశ్రమంలో గది కోసం చాలా వారాల ముందే వాళ్ల వెబ్‌సైట్ ద్వారా అడగాలి. ఎంతమంది, పిల్లల వయసెంత, ఏ రోజు వచ్చి ఏ రోజు వెళ్తారు అన్నది స్పష్టంగా రాయండి. ఒప్పుకుంటూ జవాబు వచ్చాకే టికెట్లు తీయండి. సాధారణంగా రెండు మూడు రోజులకే ఇస్తారు. పౌర్ణమి, కార్తీక దీపం, డిసెంబరు చివరి నుంచి జనవరి దాకా వచ్చే రమణ జయంతి రోజులు వదిలేయండి. మే నెలలో పిల్లలతో వెళ్లకపోవడమే మంచిది, ఆ ఎండకు రాళ్ల మీద చెప్పుల్లేకుండా నడవలేరు. దసరా సెలవులు బాగుంటాయి, గొడుగులు పెట్టుకోండి. గది దొరక్కపోతే బయట లాడ్జిలో దిగి పగలంతా ఆశ్రమంలో గడపవచ్చు. నాగమ్మ గారు కూడా చేసింది అదే కదా.

ఏ సంస్థకైనా దాని సొంత వెబ్‌సైట్‌లోనో ఆఫీసులోనో మాత్రమే బుక్ చేయండి. పుణ్యక్షేత్రాల్లో గదులిప్పిస్తామంటూ డబ్బులు లాగే నకిలీ సైట్లు చాలా ఉన్నాయి. పెద్దవాళ్లందరి ఆధార్ కార్డులు, పిల్లలవీ, దగ్గర ఉంచుకోండి. దోమల మందు, టార్చిలైటు, నేల మీద కూర్చోవడానికి వీలైన వదులు బట్టలు సర్దుకోండి.

మీది వేరే మతమైతే వెళ్లకూడదా అని మొన్న ఒక తల్లి అడిగారు. రమణాశ్రమానికి అన్ని దేశాలవాళ్లూ అన్ని మతాలవాళ్లూ వస్తారు, ఎవరూ ఏమీ అడగరు. పూజలో కూర్చోవాలన్న నిబంధన లేదు. భోజనం వేళకు భోజనానికి వెళ్లి, మిగతా సమయం కొండ ఎక్కినా, లైబ్రరీలో కూర్చున్నా మీ ఇష్టం. మంత్రాలయం లాంటి చోట గర్భగుడి నియమాలు వేరుగా ఉంటాయి కాబట్టి, వాటిని గౌరవిస్తూ మీకు ఎంతవరకు వీలవుతుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

హాలిడే హోంవర్క్ పుస్తకం సంచిలో పెట్టకండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వరకు నా క్లాసు పిల్లలు ఆశ్రమంలోనో మఠంలోనో ఉండి వస్తే, సెలవుల ఇంగ్లీషు వర్క్‌షీట్లకు బదులు ఒక ఉత్తరం తీసుకుంటాను. సూరి నాగమ్మ గారు రాసినట్టు, ఇంట్లో ఉండిపోయిన ఒకరికి, అన్నకో అమ్మమ్మకో, అక్కడి నుంచే రాసింది. ఒక పేజీ చాలు. ఏం తిన్నారో, ఎవరు వడ్డించారో, ఎప్పుడు విసుగొచ్చిందో రాయాలి. ఇంగ్లీషులో రాయలేకపోతే తెలుగులో రాయనివ్వండి, ఇద్దరం కూర్చుని క్లాసులో ఇంగ్లీషులోకి మారుద్దాం. బడి తెరిచిన మొదటి సోమవారం తెచ్చిస్తే చాలు.